మసక వెలుతురు చర్చిలో ట్రైపాడ్ లేకుండా స్పష్టమైన ఫోటోలు తీయడం ఎలా?

మిట్టమధ్యాహ్నపు ఎండలో నుంచి మెదక్ చర్చిలోకి అడుగుపెట్టిన వారికి మొదటి నిమిషం పాటు కళ్లు చీకట్లు కమ్మినట్టుగా ఉంటుంది. ఆ తరువాత బెంచీలు, స్తంభాలు, దూరాన బలిపీఠం ఒక్కొక్కటిగా తేటపడతాయి, ఇంకాసేపటికి లోపల వెలుతురు బాగానే ఉందనిపిస్తుంది. ఫోటోలు చెడిపోవడం సరిగ్గా ఆ భ్రమతోనే మొదలవుతుంది. కన్ను చీకటికి సర్దుకుంటుంది గాని, వెలుతురు పెరగదు. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో నిర్మాణమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ మందిరం సుమారు 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు ఉంటుంది. అంత విశాలమైన చోట కిటికీల నుంచి వచ్చే వెలుగు గోడల దగ్గరే చాలావరకు ఆగిపోతుంది.

ఇలాంటి చోట ట్రైపాడ్ ఉంటే సగం చిక్కులు తీరతాయి. అయితే చాలా చర్చిలలో దానిని అనుమతించరు, అనుమతించిన చోట కూడా ప్రార్థనకు వచ్చినవారి దారికి అది అడ్డమవుతుంది. ఫ్లాష్ వల్ల ప్రయోజనం లేదు. కెమెరా మీది చిన్న ఫ్లాష్ వెలుగు నాలుగైదు మీటర్లు దాటి అక్కరకు రాదు, పైకప్పు ఎత్తుగా ఉంటుంది కాబట్టి దానిని పైకి తిప్పి కొట్టినా తిరిగి రాదు, పైగా మోకరించి ప్రార్థిస్తున్న మనిషి ముఖాన మెరుపు కొట్టడం మర్యాద కాదు. కాబట్టి కెమెరా మన చేతుల్లోనే ఉంటుందని ఒప్పుకొని మిగతా ఏర్పాట్లు చేసుకోవాలి. వాటన్నిటికంటే ముందు పాస్టరు గారినో, ఫాదర్ గారినో, ఎవరూ లేకపోతే చర్చి చూసుకునే మనిషినో అడిగి అనుమతి తీసుకోవాలి. కొన్ని చర్చిలలో లోపల ఫోటోలు అసలే తీయనివ్వరు, ఆ మాట గుమ్మం దగ్గరే తెలుసుకోవడం మంచిది.

చెడింది ఏమిటో ముందు గుర్తించాలి

ఫోటో అలుక్కుపోయిందని అందరూ ఒకే మాటగా చెబుతారు గాని, ఆ అలుకుడు మూడు రకాలుగా ఉంటుంది, మూడింటికీ మందులు వేరు. ఒకదాని మందు ఇంకొకదానికి వాడితే ఫలితం ఉండదు. అందుకే తీసిన మొదటి ఫోటోను కెమెరా తెరపై బాగా పెద్దది చేసి, ఎక్కడైనా ఒక కొవ్వొత్తి మంటనో, దీపపు బుడ్డి మెరుపునో వెతికి చూడాలి. ఆ చుక్క చుక్కగా ఉండక చిన్న కామాలాగా సాగి ఉండి, ఫోటోలోని మిగతా మెరుపులన్నీ అదే వైపుకు అదే వంపుతో సాగి ఉంటే కదిలింది మన చెయ్యి. బెంచీల అంచులు, స్తంభాల గీతలు పదునుగా ఉండి, పాస్టరు గారి చెయ్యి మాత్రమే పొగలా కనిపిస్తే కదిలింది ఆయన. ముందు వరుస బెంచీ మీద చెక్క గీతలు కూడా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉండి, బలిపీఠం మెత్తగా ఉంటే ఎవరూ కదలలేదు, ఫోకస్ తప్పు చోట పడింది.

ఈ తేడా నాకు ఒక బంధువుల పెళ్లిలో బాగా బోధపడింది. ఐఎస్ఓను, అంటే కెమెరా వెలుతురును గ్రహించే సున్నితత్వపు అంకెను, 800 దాటనిస్తే ఫోటో పాడైపోతుందన్న మొండిపట్టుతో ఆ రోజంతా షట్టర్ వేగాన్ని, అంటే కెమెరా వెలుగుకు తెరుచుకుని ఉండే సమయాన్ని, 1/15 సెకను దగ్గర ఉంచి తీశాను, లెన్సులో వణుకును అదుపుచేసే సదుపాయం ఉంది కదా అన్న ధీమా కూడా తోడైంది. ఇంటికి వచ్చి చూసుకుంటే వెనుక గోడ మీది సిలువ, దాని పక్కన పూలకుండీ అద్దంలో చూసినట్టు ఉన్నాయి, ఉంగరాలు మార్చుకుంటున్న నాలుగు చేతులు మాత్రం ఆవిరిలా తేలిపోయాయి. లెన్సు తన పని తాను చక్కగా చేసింది. వణుకును అదుపుచేసే ఏర్పాటు మన చేతుల కదలికను మాత్రమే సరిదిద్దగలదు, ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. ఎదుటి మనిషిని నిలిపేది షట్టర్ వేగం ఒక్కటే.

వెలుతురు లెక్క

మసకగా ఉన్న చర్చిలో మామూలుగా ఎంత వెలుతురు ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఐఎస్ఓ 100 దగ్గర ఎఫ్/2.8 అపర్చర్‌కు (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ పక్కన అంకె చిన్నదయ్యేకొద్దీ అది పెద్దదవుతుంది) అర సెకను కావలసిన వెలుతురు అనుకుందాం, కిటికీలకు దూరంగా ఉండే చోట ఇది అరుదేమీ కాదు. అర సెకను పాటు కెమెరాను కదలకుండా చేత్తో పట్టుకోవడం మానవమాత్రులకు సాధ్యం కాదు. ఐఎస్ఓను 3200కు పెంచితే అదే వెలుతురులో 1/60 సెకను దొరుకుతుంది. ఇంత మాత్రానికే ఫోటో చేతికి అందుబాటులోకి వచ్చింది.

ఇప్పుడు కెమెరాతో పాటు వచ్చే 18-55 మి.మీ. లెన్సును తీసుకుందాం. దానిని 18 దగ్గర ఉంచితే అపర్చర్ ఎఫ్/3.5 వరకు తెరుచుకుంటుంది, కాబట్టి అదే ఐఎస్ఓ 3200 దగ్గర సుమారు 1/40 సెకను వస్తుంది. 55 వరకు జూమ్ చేస్తే అపర్చర్ ఎఫ్/5.6కు ముడుచుకుపోయి షట్టర్ వేగం 1/15కు పడిపోతుంది. ఇక చేతి వణుకు సంగతి. ఎన్ని మి.మీ. లెన్సయితే సెకనులో అన్నో వంతు వేగమైనా ఉండాలని పాతకాలపు ఫిల్ము ఫోటోగ్రాఫర్ల లెక్క ఒకటుంది. చిన్న సెన్సర్ (వెలుగును పట్టి ఫోటోగా మార్చే చిప్పు) ఉన్న కెమెరాలలో ఆ అంకెను ఇంకో ఒకటిన్నర రెట్లు చేసుకోవాలి. ఆ ప్రకారం 18 దగ్గర 1/30 చాలు, మనకు 1/40 దొరికింది. 55 దగ్గర 1/80 కావాలి, మనకు దొరికింది 1/15. అంటే జూమ్ చేసేకొద్దీ వేగం తగ్గుతూ, కావలసిన వేగం పెరుగుతూ రెండు వైపులా నష్టమే. ఆ నష్టాన్ని ఐఎస్ఓతోనే పూడ్చాలంటే 16000 దాకా పోవాలి. దానికంటే జూమ్‌ను వెనక్కి తిప్పి, నాలుగు అడుగులు ముందుకు నడవడం తేలిక. చర్చిలో జూమ్ కాళ్లతోనే చేయాలని నేను కొత్తవారికి చెప్పేది ఇందుకే.

చవకగా దొరికే 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు ఉంటే అదే చోట, అదే ఐఎస్ఓ 3200 దగ్గర 1/125 సెకను హాయిగా వస్తుంది. మసక వెలుతురులో ఫోటోల కోసం డబ్బు పెట్టదలచినవారు కెమెరా మార్చకముందు ఇలాంటి లెన్సు మీద పెట్టడం మేలని నా అభిప్రాయం. అయితే ఆ అపర్చర్‌కు ఒక మెలిక ఉంది. మూడు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని దానితో పూర్తిగా తెరిచి తీస్తే స్పష్టంగా ఉండే లోతు ఒక అడుగు కూడా ఉండదు. వధూవరులు కాస్త ఏటవాలుగా నిలబడి ఉంటే వరుడి కళ్లు పదునుగానూ, వధువు కళ్లు మెత్తగానూ వస్తాయి. వారికి ఎదురుగా, ఇద్దరి ముఖాలూ ఒకే దూరంలో ఉండే చోటికి జరిగి తీస్తే ఆ చిక్కు ఉండదు.

దీనికి ఎదురు పొరపాటు మందిరం మొత్తాన్ని తీసేటప్పుడు జరుగుతుంది. ముందు బెంచీ నుంచి బలిపీఠం వరకు అంతా స్పష్టంగా రావాలంటే ఎఫ్/8 పెట్టాలని ఆరుబయట ప్రకృతి దృశ్యాలు తీసిన అలవాటు కొద్దీ చాలామంది అపర్చర్‌ను ముడిచేస్తారు. విశాలమైన దృశ్యాన్ని పట్టే వైడ్ లెన్సుకు ఆ అవసరం లేదు. చిన్న సెన్సర్ కెమెరాలో 18 మి.మీ. దగ్గర ఎఫ్/3.5 పెట్టి, సుమారు ఐదు మీటర్ల దూరంలో ఉన్న స్తంభం మీద ఫోకస్ చేస్తే, రెండున్నర మీటర్ల నుంచి చివరి గోడ వరకు అంతా మామూలు సైజు ప్రింటుకు తగినంత స్పష్టంగానే వస్తుంది. ఎఫ్/8కు ముడిస్తే షట్టర్ వేగంలో నాలుగైదు రెట్లు పోగొట్టుకొని, లోతు కోసం వెళ్లి అసలు పదునునే కోల్పోతాం.

ఐఎస్ఓ పెంచితే ఫోటోలో కనిపించే గరుకు చుక్కల (నాయిస్) గురించి భయపడేవారికి ఒక్క మాట. నాయిస్‌ను తరువాత కంప్యూటరులో చాలావరకు తగ్గించుకోవచ్చు, ప్రింటు వేస్తే అది సగానికి సగం కంటికే కనపడదు. చెయ్యి కదిలిన ఫోటోను ఏ సాఫ్ట్‌వేరూ నిజంగా బాగుచేయలేదు. ఐఎస్ఓ తక్కువ పెట్టి, చీకటిగా తీసి, ఇంటికి వచ్చి వెలుతురు పెంచుకుందామనుకోవడం కూడా పొరపాటే, చాలా కెమెరాలలో అలా చేస్తే నీడల్లో నాయిస్ ఇంకా ఎక్కువగా బయటపడుతుంది. రా ఫైలుగా, అంటే కెమెరా పట్టిన సమాచారమంతా అలాగే ఉండే ఫైలుగా, తీసుకుంటే సర్దుకోవడానికి వీలు ఎక్కువ ఉంటుంది. ముఖ్యంగా ట్యూబులైటు, పసుపు బల్బు, కిటికీ వెలుగు మూడూ కలిసే మన చర్చిలలో రంగులు సరిచేసుకోవడానికి అది బాగా అక్కరకు వస్తుంది.

షట్టర్ వేగం ఎంచుకునేటప్పుడు మన కరెంటు సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్లు, కొన్ని ఎల్ఈడీ దీపాలు సెకనుకు వందసార్లు రెపరెపలాడుతుంటాయి. కంటికి అది తెలియదు గాని, ఫోటోలో అడ్డంగా చారలు పడతాయి. ముఖ్యంగా శబ్దం రాకుండా ఉండేందుకు ఎలక్ట్రానిక్ షట్టర్ వాడినప్పుడు ఈ బెడద ఎక్కువ. 1/100 గాని, 1/50 గాని పెట్టుకుంటే చారలు పోతాయి. నేను కెమెరాను మాన్యువల్‌లో ఉంచి, అపర్చర్‌ను బాగా తెరిచి, మనుషులుంటే 1/100, మనుషులు లేని మందిరమైతే 1/50 పెట్టి, ఐఎస్ఓను మాత్రం కెమెరాకే వదిలేస్తాను. దాని గరిష్ఠ పరిమితి 6400 దగ్గర ఉంచుతాను, కెమెరా కొత్తదైతే 12800 వరకు కూడా పోవచ్చు. ఫ్రేములో ప్రకాశవంతమైన కిటికీ పడితే కెమెరా వెలుతురు బాగా ఉందనుకొని మిగతా మందిరాన్ని చీకటి చేసేస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్‌ను (ఫోటో వెలుతురు స్థాయిని) ఒక మెట్టు పైకి జరపాలి, లేదా కిటికీ పడకుండా నిలబడే చోటు మార్చుకోవాలి.

ఒళ్లే ట్రైపాడ్

పైన చెప్పిన అంకెలన్నీ సరిగ్గా పెట్టుకున్నా, నిలబడే తీరు సరిగా లేకపోతే ఫలితం దక్కదు. మెట్లెక్కి వచ్చిన వెంటనే ఫోటో తీయకూడదు. ముందు ఒక బెంచీ మీద రెండు నిమిషాలు కూర్చుంటే ఆయాసమూ తగ్గుతుంది, కళ్లూ వెలుతురుకు అలవాటుపడతాయి, ఎవరు ఎక్కడ నడుస్తున్నారో కూడా గమనింపుకు వస్తుంది. మన వైపు చాలా చర్చిలలో చెప్పులు గుమ్మం బయటే విడుస్తారు, ఇది ఫోటో తీసేవారికి కలిసొచ్చే సంగతి. నున్నటి గచ్చు మీద మేజోళ్లు జారతాయి గాని, ఒట్టి పాదాలు బాగా పట్టుకుంటాయి. కాబట్టి మేజోళ్లు కూడా విప్పేసి, పాదాలను భుజాల వెడల్పున ఉంచి, ఒకటి కాస్త ముందుకు వేసి నిలబడాలి.

ఎడమ చెయ్యి కెమెరా పక్కన గాక, లెన్సు కింద అరచేయి పైకి ఉండేట్టు పట్టుకోవాలి, తట్టను మోస్తున్నట్టుగా బరువంతా ఆ అరచేతిలోకి దిగాలి. రెండు మోచేతులూ డొక్కలకు ఆనాలి. కెమెరాను కంటికి, నుదుటికి గట్టిగా ఆనించాలి, తెర చూస్తూ చేతులు ముందుకు చాచి తీస్తే ఈ ఆసరాలన్నీ పోతాయి. తెర చూడక తప్పని కెమెరా అయితే మెడకు వేసుకున్న పట్టీ బిగుసుకునే దాకా కెమెరాను ముందుకు నెట్టి పట్టుకోవాలి, ఆ బిగువే మూడో చెయ్యిలా పనిచేస్తుంది. ఊపిరి పూర్తిగా బిగబడితే గుండె కొట్టుకోవడం చేతుల్లోకి వస్తుంది, కాబట్టి మామూలుగా ఊపిరి వదులుతూ సగంలో ఆపి, ఆ క్షణాన మీటను నొక్కాలి. నొక్కడం అంటే పొడవడం కాదు, వేలిని మీట మీద ముందే ఆనించి ఉంచి, నెమ్మదిగా బరువు పెంచాలి.

ఇంత చేసినా వేలు కదిలినప్పుడు కెమెరా కాస్త కదులుతుంది. దానికి మంచి ఉపాయం వరుస ఫోటోలు. మీటను అలాగే నొక్కి ఉంచి నాలుగైదు తీస్తే, మొదటిదానిలో వేలు నొక్కిన కుదుపు, చివరిదానిలో వదిలిన కుదుపు ఉంటాయి, మధ్యవాటిలో ఒకటి తప్పకుండా నిలకడగా వస్తుంది. 1/15 దగ్గర ఒక్కటే తీస్తే అదృష్టం మీద ఆధారపడినట్టు, ఐదు తీస్తే ఎంచుకునే వీలు మనకు ఉంటుంది.

ఇక చర్చి కట్టడమే మనకు బోలెడు ఆసరా ఇస్తుంది. స్తంభానికి వీపు ఆనించడం కంటే, కెమెరా పట్టుకున్న చేతి భుజాన్ని, తలను పక్కగా ఆనిస్తే నిలకడ ఎక్కువ. బెంచీలో కూర్చొని ముందు బెంచీ వీపు మీద రెండు మోచేతులూ పెడితే అది దాదాపు ట్రైపాడ్‌తో సమానం, నేను 1/8 దగ్గర కూడా అలా స్పష్టమైన ఫోటోలు తీయగలిగాను. పైకప్పు కమానులు తీయాలంటే నడవ మధ్యలో నేల మీద రుమాలు మడిచి పరిచి, దాని మీద కెమెరాను వెల్లకిలా పెట్టి, రెండు సెకన్ల టైమరు నొక్కి చేతులు తీసేయాలి. అప్పుడు ఐఎస్ఓ 200 పెట్టుకొని ఒకటి రెండు సెకన్లు తీసినా ఇబ్బంది లేదు. పాత లెన్సు అయితే అలా నేల మీద పెట్టినప్పుడు వణుకును అదుపుచేసే మీటను ఆపేయాలి, కదలిక లేని చోట అది లేని వణుకును తానే పుట్టించే అవకాశం ఉంది. కెమెరా కింద ఎత్తు కోసం బెంచీ మీది బైబిలునో, పాటల పుస్తకాన్నో పెట్టేవారిని చూశాను. దయచేసి ఆ పని చేయకండి, పర్సు పెట్టినా సరిపోతుంది.

కెమెరా నిలకడగా ఉన్నా ఎదుటిది కదిలే సందర్భం మన చర్చిలలో ఒకటుంది. పొడవాటి కడ్డీలకు వేలాడే ఫ్యాన్ల గాలికి, పక్కన పెట్టే స్టాండు ఫ్యాన్ల గాలికి బలిపీఠం మీది గుడ్డ అంచులు, పూలు, కొవ్వొత్తి మంటలు ఊగుతూనే ఉంటాయి. నేల మీద కెమెరా పెట్టి రెండు సెకన్లు తీసిన ఫోటోలో గోడలు పదునుగా ఉండి పూలు మాత్రం ముద్దగా వస్తే తప్పు లెన్సుది కాదు. ఆరాధన లేని వేళ అయితే రెండు నిమిషాలు ఫ్యాన్లు ఆపమని అడగవచ్చు, ఎవరూ కాదనరు.

ఫోకస్, కిటికీలు, మనుషులు

నున్నటి సున్నపు గోడ మీద ఏ కెమెరా ఫోకసూ నిలవదు, ముందుకూ వెనక్కీ తడుముకుంటుంది. వెలుగు నీడలు కలిసే అంచును దానికి చూపాలి. అది స్తంభపు అంచు కావచ్చు, ఇత్తడి కొవ్వొత్తి స్టాండు కావచ్చు, రంగుటద్దాల మధ్య ఉండే నల్లటి సీసపు గీత కావచ్చు. డీఎస్ఎల్ఆర్‌లో (లోపల అద్దం ఉండే కెమెరాలో) మధ్యలో ఉన్న ఫోకస్ బిందువు మసకలో బాగా పనిచేస్తుంది కాబట్టి దానితోనే ఫోకస్ పట్టి, మీటను సగం నొక్కి ఉంచి, తరువాత ఫ్రేము సర్దుకోవాలి. ఫోకస్ కోసం కెమెరా ముందు వెలిగే చిన్న ఎర్ర దీపాన్ని మెనూలోకి వెళ్లి ఆపేయాలి, దూరంలో ఉన్నవాటికి అది అందదు, దగ్గరున్నవారిని మాత్రం ఇబ్బంది పెడుతుంది.

రంగుటద్దాల కిటికీలు తీయడం నిజానికి ఈ మొత్తంలో తేలికైన పని. బయటి వెలుగు వాటి గుండానే వస్తుంది కాబట్టి కిటికీ ఒక్కదానికే ఎక్స్‌పోజర్ సరిచేసుకుంటే ఐఎస్ఓ 400 దగ్గర కూడా 1/250 రావచ్చు, చెయ్యి వణికినా తెలియదు. మెదక్‌లో చిత్రకారుడు ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ రూపొందించిన మూడు కిటికీలు ఉన్నాయి. బలిపీఠం వెనుక ఉన్న క్రీస్తు ఆరోహణం 1927 నాటిది, పడమటి వైపు ఉన్న క్రీస్తు జననం 1947 నాటిది, తూర్పు వైపు ఉన్న సిలువ దృశ్యం 1958 నాటిది. కాబట్టి సిలువ కిటికీని పొద్దున, జననం కిటికీని మధ్యాహ్నం దాటాక తీస్తే వెలుగు బాగుంటుంది. సాయంత్రం చీకటి పడ్డాక వెళ్తే మాత్రం మూడూ నల్లటి పలకల్లా కనిపిస్తాయి. కిటికీని, మందిరాన్ని ఒకే ఫోటోలో సరిగ్గా తీయాలన్న ఆశ వదులుకోవాలి, లేదా రెండు ఎక్స్‌పోజర్లు తీసి తరువాత కలుపుకోవాలి.

మనుషుల విషయంలో వేగం కంటే సమయం చూసుకోవడం ముఖ్యం. నడుస్తున్నవారికి 1/250 కావాలి, మసకలో అది దొరకడం కష్టం. కాని ఆరాధనలో కదలిక ఆగే క్షణాలు చాలానే ఉంటాయి. ప్రార్థనలో కళ్లు మూసుకున్నప్పుడు, ప్రభువు బల్ల దగ్గర మోకరించినప్పుడు, పాట చరణం ముగిసి తరువాతి చరణానికి ఊపిరి తీసుకునేటప్పుడు అందరూ ఒక్కసారిగా నిలిచిపోతారు. ప్రసంగించేవారు చెయ్యి పైకెత్తిన చోట అర క్షణం ఆగుతుంది, ఎత్తేటప్పుడు గాక అది ఆగినప్పుడు తీయాలి. క్రిస్మస్ ముందు రాత్రి కొవ్వొత్తుల ఆరాధనలో ముఖానికి దగ్గరగా పట్టుకున్న కొవ్వొత్తి వెలుగు మందిరపు వెలుగు కంటే చాలా ఎక్కువ కాబట్టి, ముఖానికి దగ్గరగా వెళ్లి తీస్తే షట్టర్ వేగం దానంతట అదే పెరుగుతుంది.

ఫోనుతో తీసేవారు మొదట లెన్సును మెత్తటి గుడ్డతో తుడవాలి, జేబులోని చెమటా నూనే అంటి ఉంటే ప్రతి దీపం చుట్టూ పొగ కమ్ముతుంది. ఫోనుకు ఎన్ని లెన్సులున్నా చాలావాటిలో ప్రధాన లెన్సే ఎక్కువ వెలుతురు పట్టగలదు, కాబట్టి 1ఎక్స్ దగ్గరే ఉండాలి. నైట్ మోడ్ ఒకటి రెండు సెకన్ల పాటు అనేక ఫోటోలు తీసి కలుపుతుంది. ఖాళీ మందిరానికి అది అద్భుతంగా పనిచేస్తుంది, మనుషులు కదిలితే మాత్రం దయ్యాల్లా తేలుతారు, అప్పుడు దానిని ఆపేయడమే మంచిది. ఫోనును స్తంభానికి ఆనించి మూడు సెకన్ల టైమరు పెడితే వేలి కుదుపు ఉండదు.

చర్చికి వెళ్లే ముందు ఇంట్లో చేయదగిన సాధన ఒకటుంది. సాయంత్రం ఒక్క బల్బు మాత్రం వేసి, వార్తాపత్రికను గోడకు అంటించి, ఎదురుగా నిలబడి 1/60, 1/30, 1/15, 1/8 సెకన్ల దగ్గర పదేసి ఫోటోలు తీయాలి, ఆ తరువాత కంప్యూటరులో పెద్దవి చేసి ఏ వేగం దగ్గర ఎన్ని ఫోటోలలో చిన్న అక్షరాలు చదవగలుగుతున్నామో లెక్కపెట్టుకోవాలి. 50 మి.మీ. లెన్సుతో, వణుకు అదుపు లేకుండా నాకు 1/60 దగ్గర పదికి ఎనిమిది, 1/30 దగ్గర నాలుగు, 1/15 దగ్గర ఒకటి నిలిచాయి. నా హద్దు 1/60 అని తేలింది కాబట్టి ఆ అంకెను లెన్సు పేరు పక్కన చీటీ మీద రాసి కెమెరా సంచిలో పెట్టుకున్నాను, చర్చి గుమ్మం దాటేటప్పుడు దానికంటే తక్కువ వేగం ఉందేమో చూసుకొని లోపలికి వెళ్తాను.